ముంపు గ్రామము - మూలచిత్రము

భద్రాచలమునకు దిగువనున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలములు 2014లో ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. పోలవరం జలాశయపు ముంపువలన అచటి కొన్ని పల్లెలు ఖాళీ అయినవి. అట్టి పల్లె ఛాయాచిత్రమున నేడు గోదావరిని ఆకసమున పారించవచ్చును. గడపలో చేపలను ఈదించవచ్చును. ఇదెట్లు? కంప్యూటరు చిత్రములోని ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలముల పాళ్ళను సాధారణముగా 0 నుండి 255 వరకు గల అంకెలుగా దాచును. అంకె మారిన రంగు మారును.

ఈ విద్య క్రొత్తది కాదు. 1857లో ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ 30కి పైగా నెగటివులను కూర్చి ఒకే చిత్రమును అచ్చువేసెను. అచ్చు ఎట్లు మారినను నెగటివు మారదు. 1990లో ఫోటోషాప్ వెలువడిన పిదప పని సులువైనది. కాని మార్చిన చిత్రమును మూలముపైననే దాచినచో పాత అంకెలు చెరిగిపోవును. ఊరు మునిగిన పిదప ఏ గడప ఎచట నుండెనో చూపు సాక్షి ఆ మూలచిత్రమే. కనుక దానిని ఊరి పేరుతో, తేదీతో భద్రపరచి, నకలుపైననే కల్పన చేయవలెను.