స్కూబా పీడనమాపకాలు, గొట్టాలలో గాలి లీకు

స్కూబా డైవింగ్ చేసేవారి సిలిండరులో ఎంత గాలి మిగిలి ఉన్నదో తెలిపే సాధనం పీడనమాపకం. వాడుకలో దీనిని ప్రెషర్ గేజ్ అంటారు. సిలిండరు నుండి ఈ గేజ్‌కు, నోటిలో పెట్టుకొనే భాగానికి, నీటిలో తేలడానికి తోడ్పడే జాకెట్‌కు గాలిని చేరవేసేవి గొట్టాలు. ఈ గొట్టాల అతుకుల వద్ద గాలి కారడం స్కూబా పరికరాలలో తరచుగా కనిపించే లోపం. ఇటువంటి లీకులలో చాలావరకు చిన్నవి, కొద్దిపాటి ఖర్చుతో సరిచేయదగినవి. అయితే ఏది చిన్న లోపమో, ఏది ప్రాణాపాయానికి దారితీస్తుందో తెలిసి ఉండడం అవసరం.

నిర్మాణం

1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ రూపొందించిన ఆక్వాలంగ్ నేటి స్కూబా పరికరాలకు మూలం. సిలిండరులో గాలి సాధారణంగా 200 బార్ల పీడనంతో నింపబడి ఉంటుంది. సిలిండరు మూతికి బిగించే రెగ్యులేటరు మొదటి దశ ఈ పీడనాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే సుమారు 8 నుండి 10 బార్ల ఎక్కువకు తగ్గిస్తుంది. ఇక్కడి నుండి రెండు రకాల గొట్టాలు బయలుదేరుతాయి.

* అధిక పీడన గొట్టం: సిలిండరులోని పూర్తి పీడనాన్ని గేజ్‌కు చేరవేస్తుంది.
* అల్ప పీడన గొట్టాలు: తగ్గించిన పీడనంతో గాలిని నోటి భాగానికి, జాకెట్‌కు అందిస్తాయి.

గేజ్ లోపల వంపు తిరిగిన సన్నని లోహపు గొట్టం ఉంటుంది. దీనిని 1849లో యూజీన్ బూర్డాన్ రూపొందించాడు. పీడనం పెరిగినప్పుడు ఆ వంపు కొద్దిగా విచ్చుకొని ముల్లును కదిలిస్తుంది.

లీకు ఏర్పడే చోట్లు

* గేజ్, గొట్టం కలిసే చోటు: అన్నిటికంటే ఎక్కువగా లీకయ్యేది ఇక్కడే. గేజ్ అటూ ఇటూ తిరగడానికి వీలుగా ఇక్కడ చిన్న లోహపు పుల్ల, దాని రెండు చివరల ఓ-రింగులు అనే రబ్బరు వలయాలు ఉంటాయి. గేజ్ తిరిగిన కొద్దీ ఇవి అరిగిపోతాయి. సన్నని బుడగలు వరుసగా రావడం దీని లక్షణం.
* గొట్టం, మొదటి దశ కలిసే చోటు: ఇక్కడి ఓ-రింగు పాతబడినా, ఇసుక రేణువు చేరినా, బిగింపు వదులైనా గాలి కారుతుంది.
* గొట్టం పొడవునా: పైపొరలోని సూక్ష్మ రంధ్రాల గుండా బుడగలు వస్తే లోపలి పొర దెబ్బతిన్నదని అర్థం. చివరల వద్ద తొడిగే రక్షక తొడుగులు ఉప్పును పట్టి ఉంచి, పగుళ్ళను కనబడకుండా దాచవచ్చు. అందువలన వాటిని అప్పుడప్పుడు వెనుకకు జరిపి చూడాలి.
* గేజ్ లోపల: అద్దం వెనుక నీరు కనిపించినా, గాలి వదిలివేసిన తరువాత కూడా ముల్లు సున్నాకు రాకపోయినా ఆ గేజ్‌ను నమ్మరాదు.

కనుగొనుట

సైకిల్ ట్యూబుకు పంక్చరు వేసేవారు దానిని నీటి తొట్టిలో ముంచి బుడగలను చూసే పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. తొట్టి లేనప్పుడు అతుకులపై సబ్బునీరు రాయవచ్చు. మరొక సులువైన పరీక్ష కూడా కలదు. వాల్వు తెరచి గేజ్ చూపే అంకెను గుర్తుపెట్టుకొని, వాల్వు మూసి, గాలి పీల్చకుండా కొన్ని నిమిషాలు ఆగాలి. ముల్లు క్రిందికి దిగితే ఎక్కడో గాలి కారుతున్నట్లు.

వాల్వు తెరిచేటప్పుడు నెమ్మదిగా తెరవాలి. గేజ్ అద్దాన్ని తన ముఖానికి గాని, ఇతరులకు గాని ఎదురుగా ఉంచరాదు. లోపలి గొట్టం పగిలితే అద్దం ఎగిరివచ్చే ప్రమాదం ఉన్నది.

మరమ్మత్తు

పీడనం ఉండగా ఏ అతుకునూ విప్పరాదు, బిగించరాదు. ముందుగా వాల్వు మూసి, నోటి భాగం మీట నొక్కి గాలినంతా వదలాలి. గేజ్ సున్నా చూపిన తరువాతే స్పానరు పట్టాలి. గేజ్‌ను విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడి, ఒకదానితో గేజ్ మెడను కదలకుండా పట్టుకొని రెండవదానితో గొట్టం మరను తిప్పాలి.

పాత ఓ-రింగును గీతలు పడకుండా తీసి, గాడిని శుభ్రపరచి, అదే కొలత గల కొత్తదానిని కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి అమర్చాలి. ఆక్సిజన్ పాళ్ళు ఎక్కువగా ఉన్న మిశ్రమాలు వాడే పరికరాలకు సిలికాన్ గ్రీజు పనికిరాదు. వాటికి ఆక్సిజన్‌కు తగిన ప్రత్యేక గ్రీజు వాడాలి. గాలిని ఆపేది ఓ-రింగే గాని బిగింపు బలం కాదు. ఎక్కువగా బిగిస్తే మరలు చెడిపోతాయి. దెబ్బతిన్న గొట్టానికి అతుకు వేయరాదు, మార్చివేయాలి. గేజ్ లోపలి మరమ్మత్తును, రెగ్యులేటరును విప్పే పనిని శిక్షణ పొందిన సాంకేతిక నిపుణులకే వదలాలి.

నీటి అడుగున లీకు

అధిక పీడన గొట్టం తెగితే ఎక్కువ ప్రమాదమని చాలామంది భావిస్తారు. వాస్తవం ఇందుకు భిన్నం. ఆ గొట్టపు మొదట్లో సూదిమొనంత రంధ్రం మాత్రమే ఉండడం వలన గాలి నిదానంగా పోతుంది. అల్ప పీడన గొట్టానికి అటువంటి అడ్డు లేనందున అది తెగితే సిలిండరు చాలా త్వరగా ఖాళీ అవుతుంది.

12 లీటర్ల సిలిండరులో 200 బార్ల వద్ద సుమారు 2400 లీటర్ల గాలి ఉంటుంది. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తికి 20 మీటర్ల లోతులో, అనగా 3 బార్ల పీడనం వద్ద, నిమిషానికి 60 లీటర్లు కావాలి. 50 బార్లు నిల్వగా ఉంచితే మిగిలేది 30 నిమిషాలు. లీకు ఈ వ్యవధిని తగ్గిస్తుంది.

సన్నని బుడగలు కనిపిస్తే తోడి ఈతగాడికి సైగచేసి, డైవ్ ముగించి పైకి రావాలి. గొట్టం తెగినట్లయితే వెంటనే తోడివారి అదనపు నోటి భాగం నుండి గాలి తీసుకొంటూ పైకి రావాలి. నిమిషానికి సుమారు 9 మీటర్లకు మించని వేగంతో, ఊపిరి బిగబట్టకుండా రావడం ముఖ్యం. గాలి తగినంత ఉంటేనే 5 మీటర్ల వద్ద 3 నిమిషాలు ఆగాలి.

తెలుగు ప్రాంతంలో

తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నం డైవింగ్‌కు ప్రధాన స్థానం. 1971 డిసెంబరులో ఈ తీరాన మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాలను నౌకాదళ డైవర్లు పరిశీలించారు. ఇక్కడి హిందుస్తాన్ షిప్‌యార్డు నిర్మించిన డైవింగ్ సహాయక నౌక నిస్తార్ 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిన పడవను అక్టోబరులో వెలికితీసిన పనిలో విశాఖ డైవర్లు పాల్గొన్నారు. వరద గోదావరి వంటి బురద నీటిలో బుడగలు గాని, గేజ్ అంకెలు గాని సరిగా కనబడవు. అందువలన ఇటువంటి చోట్ల లీకు పరీక్షను ఒడ్డుననే పూర్తిచేయాలి.

నిర్వహణ

డైవ్ ముగిసిన తరువాత మొదటి దశకు మూత బిగించి, పరికరాలను మంచినీటిలో కడగాలి. మూత లేకుండా కడిగితే నీరు లోపలికి చేరుతుంది. గొట్టాలను మెలికలు పడకుండా, ఎండ తగలని చోట ఆరబెట్టాలి. సిలిండరును గేజ్ గొట్టం పట్టి ఎత్తరాదు.

ఇవి కూడా చూడండి

* స్కూబా డైవింగ్
* పీడనం
* విశాఖపట్నం
* భారత నౌకాదళం