మరమేకు చెప్పు చరిత్ర

రేడియో పెట్టె మొదలు కుట్టుమిషను వరకు ఏ యంత్రమును విప్పి చూచినను మరమేకు కనబడును. చూపునకు అది అల్పమే. కాని ఎక్కడ చేసిన మేకైనను తగిన రంధ్రమున ఇమిడి బిగియుటకు మానవుడు చాలకాలము శ్రమింపవలసి వచ్చెను.

మర యనగా మేకుచుట్టు మెలిదిరిగి పోవు గాడి. పూర్వము అది పనివాని చేతి నేర్పుపై ఆధారపడి యుండెడిది. ఒక సీల నట్టు మరియొక సీలకు పట్టెడిది కాదు. అంతకుముందు కొందరు ప్రయత్నించినను, 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్‌స్లే తన లేతుయందు ఒక నియమమును స్థిరపరచెను. లోహము తిరుగుటను, ఉలి ముందుకు సాగుటను పళ్ళచక్రములతో ముడివేసెను. అతని యొద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణముగల మరను అందరికిని ప్రమాణముగా ప్రతిపాదించెను. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలను ఎంచెను. ఈ భేదము రెండవ ప్రపంచ యుద్ధకాలమున మిత్రరాజ్యములకు చిక్కులు తెచ్చెను. తుదకు 1948లో బ్రిటన్, అమెరికా, కెనడాలు ఏకీకృతమైన మరకు సమ్మతించినవి.

రంధ్రము లోపల మర కోయుట మరింత కష్టము. అందుకు వాడు ట్యాపు గట్టిదే గాని పెళుసు. అది విరిగి లోన చిక్కినచో, పూర్తికావచ్చిన వస్తువు సైతము పాడగును. ఈ భయముచేతనే మిల్లింగు యంత్రములపై ట్యాపును కొంచెము ముందువెనుకలకు జరుగగల స్ప్రింగు పట్టులో బిగించెడివారు. నడకలోని తప్పును ఆ పట్టు సర్దెడిది.

1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అంకెలచే నడుచు మిల్లింగు యంత్రము ప్రదర్శింపబడెను. ఆ మార్గమున పిదప వచ్చినదే రిజిడ్ ట్యాపింగు. ఇందు స్ప్రింగు పట్టుతో పనిలేదు. స్పిండిలు ఎంత తిరిగినదో ఎన్‌కోడరు క్షణక్షణము తెలుపును. ఆ లెక్కననుసరించి కంప్యూటరు ట్యాపును దింపును. ఆరు మిల్లీమీటర్ల సాధారణ మరకు చుట్టుకొక మిల్లీమీటరు నడక. మాడ్‌స్లే పళ్ళచక్రముల స్థానమున నేడు అంకెలు నిలిచినవి. ముడి మాత్రము నాటిదే.

ఇండ్లలో చిన్న మిల్లింగు యంత్రములు గలవారును ఇప్పుడు ఈ ఏర్పాటు చేసికొనుచున్నారు. వారు ముఖ్యముగ గమనింపవలసినది ఒకటి కలదు. తిరిగి రమ్మని ఆజ్ఞ యిచ్చినంతనే స్పిండిలు నిలువదు. వేగము తగ్గి వెనుదిరుగులోపల ఇంకను కొంత తిరుగును. ఆ కొంతసేపును నడక దానిని విడువరాదు. కావున రంధ్రమును కావలసినదానికంటె లోతుగా తొలిచి, మొదట లోహమునకు పైన గాలిలోనే ట్యాపును నడిపి చూచి, పిమ్మట పనికి దిగుట మేలు.