బాక్టీరియా కణత్వచ ఇంజనీరింగ్: కొవ్వు ఆమ్లాల జీవమార్పిడి

కొవ్వు ఆమ్లాలను బాక్టీరియా చేత విలువైన రసాయనాలుగా మార్పించేటప్పుడు, ఆ పనికి తగినట్టు బాక్టీరియా పైపొరల నిర్మాణాన్ని జన్యువుల ద్వారా సవరించడమే కణత్వచ ఇంజనీరింగ్. ఈ రంగంలో మొదట పరిశోధకుల దృష్టి ఎక్కువగా ఎంజైముల మీదే నిలిచింది. కానీ ఎంజైము ఎంత చురుకైనదైనా, ముడిసరుకు దాని దాకా చేరకపోయినా, చేరే లోపే పొర దెబ్బతిన్నా పని ముందుకు సాగదు.

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో లారీ చక్రాల బేరింగుల్లో కూరే గ్రీజు కొవ్వు ఆమ్లాల నుంచి వచ్చే ఇలాంటి విలువైన రసాయనాలకు దగ్గరి ఉదాహరణ. లిథియం గ్రీజును చిక్కగా నిలిపేది 12-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లంతో చేసిన లిథియం సబ్బు. ఆ ఆమ్లం ఆముదం నుంచి వస్తుంది. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85-90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. నికెల్ ఉత్ప్రేరకం సాయంతో దానికి హైడ్రోజన్ ఎక్కిస్తే హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లం తయారవుతుంది. దాదాపు ఇలాంటిదాన్నే సూక్ష్మజీవి మామూలు వేడిలో, నికెల్ ఊసే లేకుండా చేయగలదు. ఒక సూడోమోనాస్ బాక్టీరియా ఒలియిక్ ఆమ్లాన్ని 10-హైడ్రాక్సీస్టియరిక్ ఆమ్లంగా మారుస్తోందని 1962లో అమెరికాలో వాలెన్, బెనెడిక్ట్, జాక్సన్ ప్రకటించారు. రెండు ఆమ్లాలకూ తేడా ఒక్కటే: హైడ్రాక్సిల్ సమూహం రెండు కార్బన్లు అటూ ఇటూ.

ఒలియిక్ ఆమ్లానికి కృష్ణా డెల్టాలో కరువు లేదు. తవుడు నూనె కొవ్వు ఆమ్లాల్లో సుమారు 40 శాతం అదే. బియ్యం మర ఆడిన వెంటనే తవుడులోని లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. అలా విడివడిన కొవ్వు ఆమ్లాలు వంటనూనె శుద్ధి చేసేవారికి తలనొప్పి. జీవమార్పిడికి మాత్రం సిద్ధంగా దొరికే ముడిసరుకు.

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఇ.కోలై బాక్టీరియాకు పొరలు రెండు. నీటిలో సరిగా కరగని పొడవాటి కొవ్వు ఆమ్లాలు బయటి పొరను దాటడానికి ఫాడ్ఎల్ అనే ప్రొటీను దారి ఇస్తుంది. లోపలికి వచ్చినదాన్ని బాక్టీరియా తన ఆహారంగా దహించేసుకోకుండా ఫాడ్‌డి, ఫాడ్ఈ వంటి జన్యువులను తొలగించడం మామూలు. దక్షిణ కొరియాలోని ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయంలో జిన్-బ్యుంగ్ పార్క్ బృందం 2018లో తేల్చిన విషయమూ ఈ దారి గురించే: పొరలో ఫాడ్ఎల్ ఏ మేరకు తయారవుతోందన్నదాన్ని బట్టి లోపలి మార్పిడి వేగం మారుతుంది.

ఇంతకంటే చిక్కు మరొకటి ఉంది. కణత్వచమే కొవ్వు ఆమ్లాలతో కట్టినది గనుక, పొట్టి కొవ్వు ఆమ్లాలు దాని మధ్యలోకి సులువుగా దూరి బిగువును సడలిస్తాయి. ఎనిమిది కార్బన్ల ఆక్టనోయిక్ ఆమ్లం ఇందులో పేరుమోసినది. పొర పలచబడి కారుతుంది, కణంలోపల ఆమ్లత్వం పెరుగుతుంది, ఉత్పత్తి పడిపోతుంది. బాక్టీరియా చేత ఇలాంటి ఆమ్లాన్నే తయారు చేయిస్తే, అది తయారుచేసిన సరుకే దానికి విషమవుతుందన్నమాట.

దీనికి దొరికిన ఒక విరుగుడు జన్యువు మీద హైదరాబాద్‌లో ముందే చెప్పుకోదగ్గ పని జరిగింది. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎస్. శివాజీ బృందం అంటార్కిటికా నుంచి తెచ్చిన సూడోమోనాస్ సిరింగే ఎల్‌జెడ్4డబ్ల్యూ అనే చలి బాక్టీరియా పొరను ఏళ్ల తరబడి పరిశీలించింది. పొరలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు సాధారణంగా సిస్ రూపంలో, అంటే వంకరగా ఉంటాయి. అందువల్ల ఒకదానికొకటి ఒత్తుగా ఒదగవు. ఆ జన్యువు తయారుచేయించే సీటీఐ అనే ఎంజైము వాటిని నిటారైన ట్రాన్స్ రూపానికి తిప్పుతుంది. పొర బిగుసుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి ఈ బృందం 2004లో ప్రచురించిన పత్రం ప్రకారం, ఆ చలి బాక్టీరియా ఎక్కువ ఉష్ణోగ్రతలో పెరగాలంటే ట్రాన్స్ కొవ్వు ఆమ్లం ఉండి తీరాలి. వంటింట్లో చెడ్డపేరు తెచ్చుకున్న ట్రాన్స్ కొవ్వుకు ఇక్కడ ఇంత గౌరవం!

ఇ.కోలైకి సహజంగా ఈ ఎంజైము లేదు. అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో లారా జార్బో బృందం సూడోమోనాస్ ఎరుగినోసా నుంచి సీటీఐ జన్యువును తెచ్చి ఇ.కోలైలో పెట్టింది. 2016లో వెలువడిన ఫలితాల్లో ఆక్టనోయిక్ ఆమ్లాన్ని తట్టుకొనే శక్తీ, దాని ఉత్పత్తీ రెండూ పెరిగాయి. ఆల్కహాళ్లను, అధిక వేడిని ఓర్చుకోవడమూ మెరుగైంది. అయితే పొర కారడం తగ్గలేదు, దాని ద్రవత్వం మాత్రమే తగ్గింది. ట్రాన్స్ ఆమ్లం మోతాదునూ సరిగ్గా సరిచూసుకోవలసి వచ్చింది; ఎంత ఎక్కువైతే అంత మేలన్న లెక్క ఇక్కడ కుదరలేదు.

కారడం సంగతిని తర్వాతి ఏడాది అదే బృందం తేల్చింది. బయటి పొరలో ఓఎంపీఎఫ్ అనే రంధ్రపు ప్రొటీనును తీసేస్తే బాక్టీరియా గట్టిపడింది. అదే పొరలోని ఫాడ్ఎల్‌ను తీసేస్తే మాత్రం బలహీనపడింది. ఒకదాన్ని తొలగించి రెండోదాన్ని పెంచిన రకంలో పొర దృఢత్వంతో పాటు కొవ్వు ఆమ్లాల దిగుబడి కూడా పెరిగింది.