కోలారు సీమకు తగిన గులాబి

మొండి మొక్క యనుటలో దేశభేదము గలదు. ఐరోపా ఖండమున మంచునకు చావని గులాబి మొండిది. కోలారు మండలమున వేసవి యెండకును, నీటి యెద్దడికిని తాళునదే మొండిది. దాదాపు 850 మీటర్ల యెత్తున నున్న యీ పీఠభూమిపై రాత్రులు చల్లగా నుండుటచే గులాబి చక్కగా పూచును. అయితే ఇచ్చట జీవనది లేదు, చెరువులే యాధారము. ఈ సీమలో గులాబికి గల యోగ్యతయు, కష్టమును ఇవియే.

ఉద్యానప్రీతి యిచ్చట క్రొత్తది కాదు. ఈ మండలములోని బూదికోటలో జన్మించిన హైదరాలీ 1760లో బెంగుళూరున లాల్‌బాగును నెలకొల్పెను. 1880 మొదలు జాన్ టేలర్ కంపెనీవారు బంగారు గనులను నడిపిన కాలమున దొరల బంగళాల చుట్టును ఆంగ్లపద్ధతి తోటలు వెలసెను. బేతమంగలమున నిలిపిన పాలారు నీరు గనుల పట్టణమునకు వచ్చెను. శీతలదేశపు గులాబికి ఎరువు, నీరు, తోటమాలి మూడును కావలెను. ఆ మూడును లేని సామాన్యుని పెరటికి వేరొక జాతి యవసరము.

అట్టి జాతికి పూర్వోదాహరణము మన యెడ్వర్డ్ గులాబి. హిందూమహాసముద్రములోని రీయూనియన్ దీవిలో కంచెగా పెంచిన డమాస్కస్, చీనా గులాబుల సహజసంకరమున నది పుట్టినదందురు. మన దేశమున దానిపై ఇతర జాతులను అంటుకట్టుట వాడుక.

బుద్ధిపూర్వకముగా ఈ మార్గమును త్రొక్కినవారు ఎం. ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశమున ఐ.ఏ.ఎస్. అధికారిగా నుండి, 1980లో స్వచ్ఛందముగా విరమించి, కొడైకెనాలులో గులాబి సంకరణమునకే జీవితమును వినియోగించిరి. వంగదేశపు నదీతీరములందు ఉష్ణమును సహించి పెరుగు రోజా క్లైనోఫిల్లాను, మణిపురపు కొండలలోని రోజా జైగాంటియాను వారు తోటజాతులతో సంకరము చేసిరి. ఉష్ణదేశపు గులాబికి ఉష్ణదేశపు రక్తమే బలమని వారి సిద్ధాంతము.

ఈ పని యింటనే చేయవచ్చును. విచ్చకమునుపే మొగ్గ రేకులను, కేసరములను తీసి కాగితపు సంచి తొడుగవలెను. మరునాడు కీలాగ్రమునకు వేరొక జాతి పుప్పొడి నంటింపవలెను. మూడు నాలుగు నెలలకు కాయ పండును. గింజలను కొన్ని వారములు చల్లదనమున నుంచి విత్తవలెను. మొలకలలో నల్లమచ్చ తెగులు తగలని వానిని, నీరు తగ్గినను వాడని వానిని మాత్రమే నిలుపుకొనవలెను. పూవు అందమును చూచి మొలకను నిలుపువాడు దొరల తోటనే మరల నాటినవాడగును.

2001లో గనులు మూతపడెను. భూగర్భజలము క్రుంగిన యీ మండలపు చెరువులకు 2018 మొదలు బెంగుళూరు శుద్ధిజలమును తెచ్చుచున్నారు. ఇట్టిచోట పూచు గులాబి విలాసవస్తువు కారాదు. తక్కువ నీటితో బ్రతుకు జాతిని మన పెరటిలోనే సృజించుకొనుట యీ సీమ తెలుగువారు చేయదగిన పని.