బాడీ కట్టే విద్య: జీపు నుంచి రెండు తలుపుల వ్యాగన్ దాకా

నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లే దారిలో రైలు కూత వినపడదు. నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం పనులు ఏళ్లుగా సాగుతూనే ఉన్నాయి గానీ, ఇన్ని తరాలుగా ఈ మెట్ట ప్రాంతాన్ని మోసింది మాత్రం బస్సూ, జీపూ, లారీయే. రైలు లేని చోట బండి ఒక్క పనికి కట్టుబడి ఉండదు. పొద్దున మనుషుల్ని ఎక్కించుకున్న జీపే మధ్యాహ్నం మూటలు మోయాలి, రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకే కంపెనీ ఇచ్చిన బండిని ఇచ్చినట్టే వాడుకోవడం ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు. వెనక ఎదురెదురు బెంచీలు, పైన క్యారియర్, పక్కన ఎక్కడానికి మెట్టు, వెనక పట్టుకోవడానికి కడ్డీ: ఇవన్నీ షెడ్డులో పుట్టినవే. బాడీ కట్టించడం అంటే ఏమిటో ఈ పల్లెల్లో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

పాత కారును కోసి, టాపు వెనక్కి సాగదీసి, రెండే తలుపుల వ్యాగన్‌గా మలిచి ప్రదర్శనలో నిలబెట్టడం అమెరికాలో ఒక పెద్ద కళ. డబ్బున్నవాళ్ల విలాసమని మనం దాన్ని దూరం పెడతాం. ఆ కళ మూలాలు వెతుక్కుంటూ వెళ్తే మాత్రం దారి మన జీపు దగ్గరికే వస్తుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన సంగతి అదే.

మోటారు కారు పుట్టిన తొలి రోజుల్లో కంపెనీలు చాలావరకు ఛాసిస్నే అమ్మేవి. ఇంజను, చక్రాలు, స్టీరింగు వాళ్లవి. కూర్చునే భాగం కొనుక్కున్నవాడు వేరే చోట కట్టించుకోవాలి. నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ కాలంలో ఇలాంటి పనికి పెద్ద దిక్కు మద్రాసులోని సింప్సన్ కంపెనీ. 1840లో మొదలైన ఈ సంస్థ గుర్రపు బగ్గీలు కట్టిన చేతులతోనే కార్ల బాడీలు కట్టింది. అక్కడ పనిచేసిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఒక ఆవిరి కారునే తయారుచేశాడు. గుర్రం పోయి ఇంజను వచ్చినా కర్ర చట్రం, దాని మీద రేకు, లోపల తోలు సీట్లు, ఈ వరస మారలేదు.

కార్ల విషయంలో ఆ పద్ధతి ఎప్పుడో ముగిసింది. లారీలు, బస్సుల్లో మన కళ్లముందే బతికింది. టాపు లేని ఛాసిస్ మీద చెక్కపెట్టెను సీటుగా వేసుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఫ్యాక్టరీ నుంచి వందల కిలోమీటర్లు తోలుకొచ్చే డ్రైవర్లు హైవే మీద మొన్నమొన్నటిదాకా కనబడేవారు. ఆ ఛాసిస్‌కు క్యాబిన్, తొట్టి కట్టేది ఆటోనగర్లలో. 1960ల్లో మొదలైన విజయవాడ జవహర్ ఆటోనగర్ ఈ విద్యకు తెలుగునాట పెద్ద బడి. అక్కడ వడ్రంగి, కమ్మరి, టింకరు, పెయింటరు ఒకే బండి చుట్టూ వంతులవారీగా తిరుగుతారు. గీసిన బొమ్మ ఉండదు. కొలత టేపులోనూ చేతిలోనూ ఉంటుంది.

అమెరికాలో వ్యాగన్ రైల్వే స్టేషన్ దగ్గర మొదలైంది. రైలు దిగినవాళ్లనూ వాళ్ల పెట్టెలనూ కలిపి హోటలుకు చేర్చడానికి ఫోర్డ్ మోడల్ టి ఛాసిస్ మీద కర్రతో పొడుగాటి బాడీలు కట్టేవారు. 1929లో ఫోర్డ్ కంపెనీ మోడల్ ఎ మీద వ్యాగన్‌ను తన పేరుతోనే అమ్మకానికి పెట్టింది. దానికి కావలసిన కర్ర కోసం మిచిగన్ రాష్ట్రంలో ఐరన్ మౌంటెన్ చుట్టుపక్కల ఫోర్డ్‌కు సొంత అడవులే ఉండేవి. కర్ర బాడీ అందంగానే ఉండేది గానీ ఏటేటా వార్నిష్ కొట్టాలి, కీళ్లు వదులైతే బిగించాలి, వానకు ఉబ్బితే తలుపు పడదు. ఉదయగిరిలో కొండకర్రతో గరిటెలు, చెంచాలు చెక్కే పనివాళ్లను చూసినవారికి ఈ కష్టం తేలిగ్గా అర్థమవుతుంది. ఏ కర్రను ఎంత ఆరబెట్టాలి, గీత ఎటు పోతోంది, ఎక్కడ కోస్తే చీలుతుంది అన్న ఎరుక లేనివాడు చెంచా కూడా చెక్కలేడు, ఇక తలుపు సంగతి చెప్పేదేముంది. అలాంటి నేర్పరులు ఇంకా ఉన్న ఊరు ఉదయగిరి. భౌగోళిక గుర్తింపు కూడా దక్కిన ఆ చేతిపని వంటగది సామానుకే ఆగిపోనక్కర్లేదని నా నమ్మకం. పాత కర్ర వ్యాగన్ల లోపలి పలకలు, కడ్డీలు, డాష్‌బోర్డు చేయగల ఓపిక ఆ పనిలో ఉంది.

కథ మలుపు తిరిగింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక. యుద్ధంలో జీపులు తయారుచేసిన విల్లీస్ ఓవర్‌ల్యాండ్‌కు మామూలు జనం కొనే బండి కావలసివచ్చింది. కార్ల బాడీలు నొక్కి ఇచ్చే కంపెనీలు ఖాళీగా లేవు. ఇళ్లలో వాడే సామాన్లకు రేకు నొక్కే వాళ్లతోనే పని జరగాలి. వాళ్ల యంత్రాలు లోతైన వంపులు తీయలేవు. ఆ ఇబ్బందినే ఆధారం చేసుకుని బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనర్ చదునైన రేకులతో, తక్కువ లోతు మడ్‌గార్డులతో ఒక వ్యాగన్ గీశాడు. 1946లో వచ్చిన ఆ జీప్ స్టేషన్ వ్యాగన్‌కు పక్కన రెండే తలుపులు. పూర్తిగా ఉక్కు రేకుతో పెద్దఎత్తున తయారైన తొలి వ్యాగన్లలో ముందు వరసది ఇది. పాత అభిమానులు బెంగపడకుండా దాని మీద కర్ర పలకల్లా కనిపించే రంగు వేశారు. 1949లో ప్లిమత్ సబర్బన్ అదే దారిలో, ఈసారి మామూలు కారు మీద, రెండు తలుపుల ఉక్కు వ్యాగన్‌గా వచ్చింది.

మన దేశంలో మహీంద్రా విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది కూడా ఆ 1940ల చివరి రోజుల్లోనే. అమెరికాలో అవసరం కొద్దీ పుట్టిన ఆ చదును రేకే ఇక్కడ వరమైంది. లోతైన వంపున్న కారు మడ్‌గార్డును పల్లె షెడ్డులో మళ్లీ పుట్టించడం ఎంతటి టింకరుకైనా కష్టం. జీపు రేకు అలా కాదు. కత్తిరించి, దాగలి మీద మడిచి, వెల్డింగ్ పెట్టేస్తే అయిపోతుంది. మెట్ట ప్రాంతాల్లో జీపు అన్నాళ్లు నిలవడానికీ, ప్రతి యజమానీ దాన్ని తన అవసరానికి తగ్గట్టు మార్చుకోగలగడానికీ ఈ రేకు స్వభావం పెద్ద కారణం.

రెండు తలుపుల వ్యాగన్‌ను అవసరం నుంచి అందం వైపు లాగింది షెవర్లే. దాని మాతృసంస్థ జనరల్ మోటార్స్ 1954లో న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో పెట్టిన మోటరామా ప్రదర్శనలో కార్వెట్ స్పోర్ట్స్ కారు పోలికలతో నోమాడ్ అనే నమూనా వ్యాగన్‌ను చూపించింది. జనం ఎగబడ్డారు. 1955లో మామూలు షెవర్లే మీద అదే టాపు దించి అమ్మకానికి పెట్టారు. తలుపు వెనకాల నిట్టనిలువుగా ఉండాల్సిన పిల్లర్ ముందుకు వాలి ఉంటుంది. టాపు వెనక భాగంలో అడ్డంగా గాడులు, వెనక డోరు మీద ఏడు నిలువు క్రోమ్ పట్టీలు. ఆ ఏటి షెవర్లేల్లో బాగా ఖరీదైన వాటిలో ఇదొకటి. వెనక డోరు సందుల్లోంచి వాన నీళ్లు కారేవి, పిల్లలున్న ఇంటివాళ్లు నాలుగు తలుపులే కావాలన్నారు. 1957తో ఆ రెండు తలుపుల రూపం ఆగిపోయింది. మూడేళ్లు మాత్రమే తయారైన ఆ బండి తర్వాతి తరాల ప్రదర్శనల్లో రాజ్యమేలింది. తక్కువ తయారైంది కాబట్టి కొనలేనివాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. 1953 నుంచి జరుగుతున్న డెట్రాయిట్ ఆటోరామా కార్ల ప్రదర్శనలో రిడ్లర్ అవార్డుకు పోటీపడే బండి అంతకుముందు ఎక్కడా జనానికి చూపించి ఉండకూడదు. చాటుగా కొన్నేళ్లపాటు ఒకే బండిని చెక్కే ఓపిక అలాంటి నియమం వల్లే పెరిగింది.

ఈ పనిలో అసలు మర్మం తలుపు దగ్గరుంది. నాలుగు తలుపుల వ్యాగన్‌లో వెనక తలుపులు మూసి వెల్డింగ్ పెట్టేస్తే రెండు తలుపుల వ్యాగన్ అయిపోదు. ముందు తలుపు పొట్టిగా మిగిలి, బండి ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. రెండు తలుపుల సెడాన్‌కు తలుపులు పొడుగు. కాబట్టి తెలిసినవాళ్లు రెండు బండ్లు తెస్తారు. ఒకదాని నుంచి పొడుగు తలుపులు, వాటి పిల్లర్లు, పక్క రేకులు. రెండోదాని నుంచి వ్యాగన్ టాపు, వెనక డోరు. కోయకముందే తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప గొట్టాలు పెట్టి వెల్డింగ్ చేయాలి. లేకపోతే టాపు తీసిన మరుక్షణం బాడీ వంగుతుంది, తలుపు సందు పైన ఒకలా కింద ఒకలా అవుతుంది. ఆ తర్వాత పిల్లర్‌ను వెనక్కి జరిపి, టాపు అతికి, వేడికి రేకు అలలు తేలకుండా చోటు మార్చి చోటు చిన్న చిన్న టాకాలు వేస్తూ పోవాలి. పుట్టీ పూసి సరిచేసేవాడికీ, సుత్తీ డాలీ పట్టుకుని రేకునే సరిచేసేవాడికీ తేడా రంగు వేసిన రెండేళ్లకు ఎండలో బయటపడుతుంది.

ఏ కారు ఈ కోతను భరిస్తుందన్నది ఛాసిస్ మీద ఆధారపడి ఉంటుంది. మనకు బాగా తెలిసిన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం. 2014 దాకా ఉత్తర్‌పారాలో తయారైంది. దానికి విడి ఛాసిస్ లేదు. టాపు, నేల, పక్కలు కలిసే బరువు మోస్తాయి. దాన్ని కోయడమంటే వెన్నెముక మీద కత్తి పెట్టడమే. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ అలాంటిది కాదు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ దానికి మూలం. బాడీలు నొక్కి ఇచ్చే కంపెనీ పోటీదారుల చేతికి చిక్కడంతో ట్రయంఫ్ వాళ్లు విడి ఛాసిస్ మీద వేర్వేరు ముక్కలను బోల్టులతో బిగించే పద్ధతి ఎంచుకున్నారు. ఇటలీ డిజైనర్ మిచెలోట్టి గీసిన ఆ బాడీలో టాపు కూడా బోల్టులతో ఊడివస్తుంది. బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది. అదే ఛాసిస్ మీద సెడాన్, కన్వర్టిబుల్, 1961లో రెండు తలుపుల ఎస్టేట్ (వ్యాగన్) కూడా ఇంగ్లండులో అమ్మారు. మన దగ్గర తొలి హెరాల్డ్‌లు రెండు తలుపులవే, ఇంజను 948 సీసీ. 1968లో నాలుగు తలుపులవి వచ్చాయి, కంపానియన్ పేరుతో వ్యాగన్ కూడా వచ్చింది. పాత రెండు తలుపుల హెరాల్డ్‌ను వ్యాగన్ చేయాలంటే తలుపు జోలికే పోనక్కర్లేదు. టాపు విప్పి దాచి, వెనక డోరుతో సహా కొత్త టాపు కట్టి, వెనక కమాన్ కట్టను గట్టిపరిస్తే చాలు. మళ్లీ ఎప్పుడైనా పాత టాపే బిగించుకోవచ్చు. ఇంతకంటే మర్యాదైన మార్పు నాకు తోచదు.

చట్టం దగ్గర ఈ దారి ఇరుకవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని, నిర్మాణంలో మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప ఆ బండి రోడ్డెక్కకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉంటేనే ఆ నంబరు. అంటే టాపు సాగదీసిన హెరాల్డ్‌కు ఆ నంబరు రాదు. ట్రక్కు మీద ఎక్కించి ప్రదర్శనకు తీసుకెళ్లాల్సిందే. ఇందులో న్యాయం ఉందనే అంటాను. మిగిలిన కొద్దిపాటి పాత కార్లు కోతకు బలికాకుండా ఆపేది ఈ నిబంధనే. కోయదలచినవారు కాగితాలూ నేలా రెండూ పోయిన తుక్కు షెల్‌ను వెతుక్కోవాలి.

తుక్కు నుంచి ప్రదర్శన వస్తువు పుట్టించడంలో తెలుగునాట అందరికంటే ముందున్నది హైదరాబాద్ కె. సుధాకర్. బూటు, క్రికెట్ బంతి, చేతిసంచి రూపాల్లో నడిచే కార్లు కట్టారు. 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్‌కెక్కారు. 2010లో బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. ఆ బండ్లలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆకారం కాదు, వంపు తిరిగిన రేకును చేత్తోనే తీర్చిన పనితనం.

ఉదయగిరి, ఆత్మకూరు కుర్రాడెవరికైనా ఈ సరదా పుడితే కోత అక్కర్లేని దారి కూడా ఒకటి ఉంది. టాటా 1991లో తెచ్చిన సియెర్రా రెండు పక్క తలుపులు, టాపులోకి వంగిన వెనక అద్దాలతో ఫ్యాక్టరీలోనే పుట్టిన రెండు తలుపుల వ్యాగన్. టాటా పికప్ మీద, విడి ఛాసిస్‌తో వచ్చింది. 2025లో వచ్చిన కొత్త సియెర్రాకు నాలుగు పక్క తలుపులు. పాతవాటిలో తొలి బండ్లకు 2041లో 50 ఏళ్లు నిండుతాయి. వాటి రేకు కింద తుప్పు ఇప్పటికే మొదలై ఉంటుంది, వంపు అద్దం పగిలితే దొరకడం కష్టం. వీఏ నంబరు కావాలనుకునేవారు ఆ అద్దాలను ఇప్పుడే సంపాదించి దాచుకోవడం మంచిది.