విమానం మీద పేరు, గుమ్మిలోని గింజలు

నాగలికీ, బాంబులు వేసే విమానానికీ ఏం సంబంధమని అడుగుతారేమో. ఉన్నది, వినండి.

న్యూజిలాండు దేశంలో లెస్ మన్రో అనే ఆయన ఉండేవారు. 1919లో పుట్టారు, పొలం పనులు చేసుకుంటూ పెరిగారు. రెండవ ప్రపంచ యుద్ధం రాగా 1941లో వైమానిక దళంలో చేరి, లాంకాస్టర్ అనే పెద్ద బాంబు విమానం నడిపారు. 1943 మే నెలలో జర్మనీ ఆనకట్టలను పగలగొట్టడానికి 19 విమానాలు బయలుదేరితే వాటిలో ఆయనదొకటి. దారిలోనే గుండు దెబ్బ తగిలి వెనక్కి తిరగవలసి వచ్చింది. ఆ రాత్రి పోయినవాటిలో 8 విమానాలు తిరిగి రాలేదు. 53 మంది చనిపోయారు. యుద్ధం ముగిశాక మన్రో స్వదేశం చేరి, కొన్నాళ్లకు సేద్యంలో పడ్డారు. 2015లో 96 ఏళ్ల వయసున ఆయన పోతే దేశదేశాల పత్రికలూ రాశాయి.

మరి మన మేళ్లచెరువు రైతు సంగతేమిటి? ఇప్పుడు సూర్యాపేట జిల్లా అంటున్నాం గాని, అప్పట్లో మనది నల్లగొండ జిల్లా, నిజాం రాజ్యం. శంభులింగేశ్వరుని శివరాత్రి జాతరకు బండి కట్టుకొని పోయే మన రైతు విమానం ఎక్కలేదు. కాని ఆ విమానాల ఖర్చులో ఆయన చెమట కూడా ఉన్నది.

అదెట్లాగంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇంగ్లీషువారికి ధనం ధారాళంగా ఇచ్చారు. ఆ సొమ్ముతో 1918లో ఒక బాంబు విమానాల దళానికి విమానాలు సమకూరాయి. దానికి 110వ హైదరాబాదు స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు. అవి పైనొక రెక్క, కిందొక రెక్క ఉండే విమానాలు. కట్టెతో చేసి గుడ్డ కప్పినవి. ముందు నడిపేవాడు, వెనుక తుపాకి పట్టేవాడు, ఇద్దరే మనుషులు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి అక్కడినుంచి జర్మనీ మీద బాంబులు వేశాయి. ఒక్కొక్క విమానం మీద నిజాం ప్రభువు బహుమతి అని రాసి ఉండేది.

ఆ విమానాల్లో ఒకటి నేటికీ ఉన్నది! 1918 అక్టోబరు 5న అది జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లినులో ప్రదర్శనకు పెట్టుకున్నారు. తరువాత పోలండు చేరింది. 1977లో అక్కడినుంచి లండనులోని వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో హైదరాబాదు పేరు దాని ఒంటి మీద చూడవచ్చును.

ప్రభువు పేరు సరే, ఆ ప్రభువుకు సొమ్మెక్కడిది? రాజ్యానికి పెద్ద రాబడి భూమి శిస్తే గదా! తరి భూమికీ, ఖుష్కి భూమికీ రైతు కట్టిన శిస్తు. ఆ రైతు పేరు ఏ రెక్క మీదా లేదు.

రెండవ యుద్ధం వచ్చింది. ఇంగ్లండు యుద్ధంలోకి దిగిన మరునాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మనీ యుద్ధనౌకల మీదికి పోయిన విమానాల్లో ఈ హైదరాబాదు దళానివీ ఉన్నాయి. 1942లో ఆ దళం ఇండియాకు వచ్చి, మరుసటి ఏడు నుంచి బర్మాలో జపానువారి మీద బాంబులు వేసింది. హైదరాబాదు పేరుతోనే ఉన్న మరో దళం, 152వ స్క్వాడ్రన్, తన చిహ్నం మీద 'నమ్మకమైన మిత్రుడు' అని రాసుకున్నది. నిజాముకు ఇంగ్లీషువారిచ్చిన బిరుదు అది.

బర్మా జపానువారి పాలు కాగానే అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. అన్నిచోట్లా తిండికి కటకట. నిజాం రాజ్యంలో లెవీ పెట్టారు. అంటే ఎకరాల లెక్కన ఇంత ధాన్యం సర్కారు చెప్పిన ధరకే కొలిచి ఇవ్వాలి. పెద్ద దొరలు ఏదో విధాన తప్పించుకునేవారు. భారమంతా చిన్న రైతు మీదనే పడేది. గుమ్మి అడుగున మిగిలిన జొన్నలు పిల్లల గటకకు దాచాలా, లెవీకి కొలవాలా? ఈ లెక్క ఏ యుద్ధ చరిత్రలోనూ లేదు గాని, ఇల్లు గడిపే ఆడదానికి బాగా తెలుసు.

ఆ కడుపుమంట ఊరికే పోలేదు. వెట్టికీ, లెవీకీ జనం ఎదురు తిరిగారు. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో పాలకుర్తి ఐలమ్మ తన పంటను దొర మనుషులకు దక్కనీయలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి అయినాడు. తెలంగాణ పోరాటం అక్కడినుంచి రగులుకున్నది.

చూశారా! విమానం నడిపిన రైతు పేరు లోకానికి తెలుసు, తెలియవలసినదే. విమానం ఇచ్చిన ప్రభువు పేరు మ్యూజియంలో ఉన్నది. గింజలు కొలిచి ఇచ్చిన మన ముత్తవ్వల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మీ ఇంట లెవీ నాటి మాటలు పెద్దలు చెప్పగా విన్నవి ఏమైనా ఉంటే, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఎవరి గుమ్మి, ఎన్ని మానికలు, ఎవరు కొలిచారు, ఎవరు ఏడ్చారు — అంతే చాలు. అదీ యుద్ధ చరిత్రే. సెలవు.