చోడవరము పేరును రివాల్వరు విలువయు

ప్రాచీనాయుధములను సేకరించుట రాజగృహములకును, జమీందారులకును చిరకాలముగా అలవాటైన పని. ఖడ్గములు, కటారులు, బల్లెములు చరిత్రసామగ్రిగా మన్నన పొందినవి. కాని పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునను, ఇరువదవ శతాబ్ది ఆరంభమునను మన దేశమునకు వచ్చిన పెద్ద బోరు రివాల్వరులను ఆ దృష్టితో చూచువారు తక్కువ. కర్మాగారమున వేలకొలది తయారైన వస్తువునకు చరిత్రమేమి యుండునని పలువురి భావము. అట్టి వస్తువునకు విలువ ఎట్లు కలుగును, ఆ విలువను నిర్ణయించుటలో స్థలనామ పరిశీలన ఎంతవఱకు తోడ్పడును అను రెండు ప్రశ్నలను 1922 నాటి మన్యచరిత్ర ఆధారముగా విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా వస్తుస్వరూపము తెలియవలెను. తుపాకి యను మాట తుర్కీ భాషనుండి వచ్చి, కాలక్రమమున అచ్చ తెలుగు మాటవలె కలిసిపోయినది. రివాల్వరు మాత్రము వస్తువుతోపాటు పేరును ఆంగ్లమునుండియే తెచ్చుకొన్నది. తిరుగునది యని దాని అర్థము. గొట్టమునకు వెనుక, సాధారణముగా ఆఱు తూటాలు పట్టు చక్రము ఒకటి యుండును. గుఱ్ఱమును వెనుకకు లాగినపుడు ఆ చక్రము ఒక గడి తిరిగి క్రొత్త తూటాను గొట్టమునకు ఎదురుగా నిలుపును. అమెరికాలో కోల్టు 1836లో తన నమూనాకు పేటెంటు పొందెను. ఇంగ్లండులో ఆడమ్సు 1851లో, ట్రిగ్గరు నొక్కినంతనే గుఱ్ఱము తనంతట లేచి పడు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. 1887లో బ్రిటిషు ప్రభుత్వము వెబ్లీ కంపెనీవారి రివాల్వరును సైన్యమునకు స్వీకరించెను. పెక్కు మార్పుల పిమ్మట 1915లో వచ్చిన ఆఱవ నమూనా మొదటి ప్రపంచయుద్ధమున విరివిగా వాడబడెను. దీని బోరు .455, అనగా సుమారు 11.5 మిల్లీమీటర్లు. మీదికి దుముకుచున్న శత్రువును ఒక్క దెబ్బతో నిలువరింపవలెనను కోరికయే ఇంత పెద్ద గుండునకు కారణము. యుద్ధానంతరము తేలికయైన ఆయుధము చాలునని తలచి, 1932లో .38 బోరు ఎన్‌ఫీల్డు రివాల్వరును స్వీకరించిరి. ఈ సంవత్సరములు పరిశోధకునకు కొలబద్దల వంటివి.

ఇక మన్యమునకు వత్తము. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసెను. మఱునాడు కృష్ణదేవిపేట, ఆపై 24వ తేదీన రాజవొమ్మంగి ఠాణాలు ఆయన వశమైనవి. ఈ మూడుచోట్ల కలిపి 26 తుపాకులును, రమారమి 2,500 తూటాలును ఆయనకు చిక్కినవి. దొరికిన ఆయుధములలో .303 లీ ఎన్‌ఫీల్డు రైఫిళ్లు కొన్ని కలవు; రివాల్వరు మాత్రము ఒక్కటే. ఈ నిష్పత్తియే ఒక చరిత్రాంశము. పొడవు తుపాకి సామాన్యపు జవానుది. రివాల్వరు అధికారి నడుమున వ్రేలాడునది. కనుక ఆ యొక్క రివాల్వరు చేతులు మాఱుట, ఆయుధముతోపాటు అధికారచిహ్నము చేతులు మాఱుటయు నైనది.

దాడి ముగిసిన పిమ్మట తాను గైకొన్న ఆయుధముల వివరములను వ్రాసి యిచ్చి పోవుట సీతారామరాజు పద్ధతి. పోలీసులను ధిక్కరించుటయే దాని ఉద్దేశము కావచ్చును. ఆయుధచరిత్రకారునకు మాత్రము అది అపూర్వమైన ఆధారము. వస్తువు, తేది, స్థలము, గ్రహీత అను నాలుగంశములును సమకాలికముగా ఒకచోట నమోదగుట మిక్కిలి అరుదు. సేకర్తలు వస్తుపరంపర యని దేనిని వెదకుదురో, దానికి మొదటి పత్రము ఆ విప్లవవీరుని చేతివ్రాతయే యైనది.

స్థలనామమువలన కలుగు చిక్కును ఇచట గమనింపవలెను. విశాఖ మండలపు చోడవరము స్వయంభూ విఘ్నేశ్వరాలయమువలనను, సమీపమున గోవాడలోని సహకార చక్కెర కర్మాగారమువలనను పేరుగన్న మైదానపు పట్టణము. ఇది 2022 ఏప్రిలులో క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. గోదావరి మన్యమున మఱియొక చోడవరము కలదు. దానినే నేడు రంపచోడవరమందుము. ఫ్రాన్సిస్ రచించిన విశాఖపట్టణము జిల్లా గెజిటీరును, హెమింగ్వే రచించిన గోదావరి జిల్లా గెజిటీరును 1907లోనే వెలువడినవి. మొదటి దానిలో చోడవరము వీరవల్లి తాలూకాకు ముఖ్యస్థానము. రెండవ దానిలో చోడవరము మన్యపు డివిజను. ఒకే పేరు, ఒకే సంవత్సరము, రెండు ఊళ్లు! 1879–80 నాటి రంప పితూరీలో వినవచ్చునదియు, 1922 అక్టోబరులో సీతారామరాజు దాడికి గుఱియైనదియు మన్యపు చోడవరమే.

ఒక ఉదాహరణము ఊహింతము. ‘1922 ఆగస్టులో చోడవరము ఠాణానుండి పోయిన రివాల్వరు’ అను మాటతో ఒక వస్తువు సేకర్త కడకు వచ్చినదనుకొందము. అది .38 ఎన్‌ఫీల్డు అయినచో విచారణ అంతటితో ముగియును. ఆ నమూనా పదేండ్లకుగాని రాలేదు. .455 వెబ్లీ అయినచో కాలము సరిపడును, కాని స్థలము సరిపడదు. ఆగస్టు దాడులు జరిగిన మూడు ఠాణాలలో ఏ చోడవరమును లేదు. కథ చెప్పినవారు అసత్యమాడిరని అనరాదు. రెండు మూడు తరముల నోట ఊరును, నెలయు కలిసిపోయి యుండవచ్చును. కాని ఆ కథకు మూల్యము కట్టరాదు. కాలము మొదట, స్థలము పిమ్మట, మనుష్యుడు చివర — ఇదియే పరీక్షాక్రమము.

వస్తువును నేరుగా పరీక్షించుటకును నియమములు కలవు. చట్రముపైని సంఖ్యయు, చక్రముపైని సంఖ్యయు ఒకటియేనా యని చూడవలెను. బాణపు గుర్తు క్రింద ‘ఐ’ అను ఆంగ్లాక్షరమున్నచో అది భారత ప్రభుత్వపు సొత్తుగా నుండినదని అర్థము. తొలినాటి నీలిపూత వెలిసియున్నను అట్లే యుంచవలెను. క్రొత్తగా మెఱుగుపెట్టినచో అక్షరములు అరిగి సాక్ష్యము నశించును. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా చేరిన వెబ్లీలు పెక్కింటిలో, అచట సులభముగా దొరకు తూటాలు పట్టుటకై చక్రపు వెనుకభాగమును కోసివైచిరి. అట్టివానికి సేకర్తలు తక్కువ వెల కట్టుదురు. పనికివచ్చునట్లు చేసిన మార్పే విలువను తగ్గించుట ఈ రంగమున ఒక విచిత్రము.

మన దేశమున ఈ విషయము అంగడివెలతో తీరదు. 1878 నాటి ఆయుధ చట్టమునకు బదులు 1959 నాటి చట్టము 1962లో అమలునకు వచ్చెను. .455 బోరు నిషిద్ధ బోరులలో చేరినది. మరమ్మతు చేసినను పేల్చుటకు వీలుకాని పురాతనాయుధములకు ఆ చట్టపు 45వ సెక్షను మినహాయింపు నిచ్చుచున్నది. 2019 సవరణమువలన ఒకరి కడ నుండదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను. వంశపారంపర్యముగా వచ్చినవానికిని ఇదియే పరిమితి. మఱియొకవంక 1972 నాటి పురావస్తు చట్టము నూఱేండ్లు నిండిన చారిత్రక వస్తువులను పురావస్తువులుగా గణించి, ప్రైవేటు వ్యక్తులు వానిని విదేశములకు పంపుటను నిషేధించినది. కావున 1922 నాటి దాడులలో చేతులు మాఱిన ఆయుధము ఏదియైనను 2022 నాటికి ఈ వయోనియమమును దాటినట్లే.

ఇందు నిజమైన నష్టభయము వేఱొకటి కలదు. ఇంటిలోని పాత రివాల్వరును అధికారులకు అప్పగించునపుడు దాఖలాలో బోరు, సంఖ్య, కంపెనీ పేరు ఎక్కును. అది ఏ తాతకు, ఏ యూర, ఏ సందర్భమున చేరినదో ఎక్కదు. ఇనుము భద్రముగానే యుండును. చరిత్రము ఆ క్షణముననే తెగిపోవును. కావున అప్పగింతకు ముందుగనే ఆ యింటి పెద్దల మాటలను యథాతథముగా వ్రాసికొని, ముద్రల ప్రతికృతులతో జతపఱచుట పరిశోధక విద్యార్థులు చేయదగిన పని. దీనికి ఆయుధమును ముట్టనక్కఱలేదు, ధనము అక్కఱలేదు. ఊరి పేరు వ్రాయునపుడు మాత్రము అది ఏ చోడవరమో అడిగి వ్రాయవలెను.